తొమ్మిదిన్నర నిమిషాలు

తిరుపతి రేడియో స్టేషన్లో నా పని
తెలిసినోళ్ళ మాటల్ని బ్లేడుతో కోయడం.

ఎవరొచ్చినా తొమ్మిదిన్నర నిమిషాలే.
తేనెటీగల మీద చంద్రకళావతమ్మకీ
సున్నా మీద హబీబున్నీసా మేడానికీ
వేరుశనగ తిక్కాకు తెగులుకీ, కిడ్నీలో రాయికీ,
శాసనాల్లో దొరికిన పన్నుల లెక్కకీ
అంతే.
మిగిలిన అరనిమిషం అనౌన్సరుది.

టేపు మీద ఒక సెకను ఏడున్నర అంగుళాలు,
జానకి కాస్త తక్కువ.
గాంధీ రోడ్డులో మునెమ్మ మల్లెపూలు మూరేసినట్టు
నేను ఏసీ గదిలో కూర్చొని
దగ్గుల్ని, గుటకల్ని, కాయితం తిప్పిన చప్పుళ్ళని
మూరేసి కోసేవాణ్ణి.
తెల్లటి అతుకు వేసి గోరుతో రుద్దితే
మాట మాటకి అంటుకునేది.
ఆ మనిషి జన్మలో తడబడలేదని ఊరు నమ్మేది.

ఇట్లా ఇరవై మూడేండ్లు విన్నా.
అన్నీ తెలుసు నాకు,
తొమ్మిదిన్నర నిమిషాల లోతు.

పక్కింటి చెంగల్రాయుడు ఆవుకి పొదుగువాపు వస్తే
గంగులప్ప డాక్టరు చెప్పిన జాగ్రత్తలు
ఎనిమిదీ గడగడా అప్పజెప్పినా.
తొమ్మిదోది ఒకటి ఉండె.
టైము చాలక నేనే కోసి పారేసినా.
"ఇవన్నీ చేసినాను గదబ్బా, ఇంకేమన్నా చెప్పలేదా ఆయన?"
ఆవు నా పక్కకే చూస్తా ఉండాది.
నేను పలుపుతాడు ముడి చూస్తా ఉండా.

ఆ పొద్దు నించి కోసింది పారెయ్యలేదు.
బిస్కెట్ల డబ్బాలో చుట్టలు చుట్టి దాచినా.

ఒక కార్తీకంలో, ముసురు పట్టిన సాయంత్రం
యూనివర్సిటీ నించి మునిరత్నంగారు వచ్చినారు,
రాళ్ళ శాస్త్రం, చెప్పులనిండా ఎర్రమన్ను.
"ఘాట్ రోడ్డు పక్కన కొండని చూడండి.
కింద గ్రానైటు. పైన ఇసుక గట్టిపడి అయిన రాయి.
రెండూ ఆనుకొనే ఉంటాయి గానీ
వాటి నడమ యాభై కోట్ల ఏండ్లు లేవు.
ఆ కాలమంతా ఏమయిందంటే..."

ఆగిపోయినాడు.

అద్దం ఇవతల నించి చెయ్యెత్తి సైగ చేసినా.
చూడలేదు.
తలుపు సందులోంచి వాన చప్పుడు మైకులోకి వస్తా ఉండాది.
పదకొండు సెకన్లు.
"సరే, నీటి వనరుల సంగతికి వద్దాం" అన్నాడు.

నాలుగు మూరల పైచిలుకు.
కోసినా. అతికినా.
మర్నాడు ఉదయం జిల్లా జిల్లా వినింది,
"లేవు" పక్కనే "నీటి వనరులు".
ఎవరూ ఉత్తరం రాయలేదు.

ఆదివారం స్కూటరు పక్కన ఆపి
కొండ మీది ఆ గీతకి బొటనవేలి గోరు ఆనించి రుద్దినా.
తడి రాయి.
అతుకు తగల్లేదు.
నాకన్నా పనితనం ఉండాది.

రిటైరైనాక, వేలంలో పాత మిషను కొనుక్కొచ్చి
డబ్బాలోవన్నీ ఒకదానికొకటి అతికి పెట్టినా.
మొత్తం పదిహేడు నిమిషాలు.
గొంతు సవరింపు. గుటక. కుర్చీ కిర్రు.
ఒక నిట్టూర్పు,
సున్నాదో కిడ్నీదో పోల్చుకోలేకపోయినా.
ఎంతెంతోళ్ళూ "అంటే... అంటే..."
అని తడుముకోవడం.
తొమ్మిదో జాగ్రత్త మాత్రం లేదు.
నడమ ఎక్కడో మునిరత్నంగారి వాన.

వంటింట్లోంచి అలివేలు అడిగింది,
"ఎవరు మాట్లాడతా ఉండేది?"

"ఎవరూ లేదు."

చెయ్యి కొంగుకి తుడుచుకుంటా వచ్చి
పీటేసుకొని కూర్చుంది.
"అట్లయితే సౌండు పెంచు" అనింది.